బీరువా ముందు పెళ్ళిచూపులు

మా వీధిలో బుర్రా వారని ఇద్దరు అన్నదమ్ములు. ఇంటిపేరులోనే బుర్ర ఉంది, ఇక తలలో వేరే ఎందుకని వాళ్ళ ధీమా. పెద్దవాడు సోమలింగం. చిన్నవాడు పేర్రాజుకి ఆరు సంబంధాలు తప్పిపోయాయి. ఏడోదీ తప్పితే సన్యాసమే అన్నాడు.

సోమలింగం నా దగ్గరికొచ్చాడు. "బాబాయ్, మీరు బీయస్సీ కదా. జంట కలిసే ఉపాయం మీ పుస్తకాల్లో లేదా?"

మా రోజుల్లో బీయస్సీ అంటే ల్యాబులో అన్నీ టేకు బల్లలే. అదటుంచండి. నాకు తెలిసిన జంటలు పరమాణువులే. అదే చెప్పాను.

"రెండు పరమాణువులు ఒకదాన్నొకటి కాస్త లాక్కుంటాయిరా. దగ్గర్లో లోహపు గోడ ఉంటే ఆ లాగుడు మారిపోతుంది. గోడ వెంబడి పక్కపక్కన ఉంటే తగ్గుతుంది. గోడ ముందు ఒకదాని వెనక ఒకటి ఉంటే పెరుగుతుంది."

"గోడకి ఎంత దగ్గర?"

"బాగా దగ్గర."

అంతే. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి శేషావతారం గారు గోడవార కుర్చీలు చూపించి కూర్చోమన్నారు.

"పక్కపక్కనా! ఆరు సంబంధాలూ అలాగే పోయాయండీ!" అని సోమలింగం కుర్చీలు వీధిలో పెట్టించాడు. లోహపు గోడ కోసం ఇల్లంతా వెతికాడు. దొరికింది నిలువుటద్దం ఉన్న ఇనప బీరువా. ఇంకేముంది, పిల్ల సుభాషిణిని దానికి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబెట్టాడు. ఆమె వెనక పేర్రాజుని నిలబెట్టాడు. పిల్ల నవ్వాపుకుంటూ నిలబడింది.

"అమ్మాయి నచ్చిందా బాబూ?" అన్నారు శేషావతారం గారు.

"జడ నచ్చిందండి. మిగతాది అటువైపుంది."

"నీకో తల్లీ?"

"అద్దంలో కనిపిస్తున్నాడుగా నాన్నా. అమాయకుడు. నాకు ఇష్టమే."

శేషావతారం గారు పటికబెల్లం తెమ్మని కేకేశారు. పేర్రాజు మాత్రం కూలబడ్డాడు.

"అన్నయ్యా, ఏడోదీ పోయింది! అద్దంలోవాడు ఇష్టమట."

"ఏడవకురా. లాగుడు పెరిగింది కానీ మనవైపు కాదు. పద," అన్నాడు సోమలింగం. శేషావతారం గారికి నమస్కారం పెట్టి, "అతని పేరుమీదే శుభలేఖలు వేయించండి, మాకేం కోపం లేదు," అన్నాడు.

గడప దాటబోతూ పేర్రాజు కళ్ళు తుడుచుకుని, బీరువా వైపు చివరిసారి చూశాడు.

"అన్నయ్యా, వాడూ ఏడుస్తున్నాడేంటి! వాడికేం, సంబంధం కుదిరిందిగా!"