ముహూర్తానికి ఎగిరిన విమానం

నలుగురిలో మాట పోతుందంటే బెంబేలెత్తిపోయే పరాంకుశం అనే ఇంజనీరు అనంతపురం శివార్లలో, ఒక రేకుల షెడ్డులో, సొంతంగా చిన్న విమానం కడుతుండేవాడు. దాన్ని నడపాల్సింది అతని బావమరిది సుదర్శనం. వాయుసేనలో చేసి వచ్చినవాడు, బావ చేతిపని మీద గట్టి నమ్మకం ఉన్నవాడు.

పని కొసకు రాగానే పరాంకుశం ఆగలేకపోయాడు. పంతులుగారి చేత తొలి ప్రయాణానికి ముహూర్తం పెట్టించాడు. విమానానికి ముహూర్తమేమిటని మీరనొచ్చు. స్కూటరు కొన్నా నిమ్మకాయ తొక్కించనిదే రోడ్డెక్కం కదా మనం! బంధువులనీ ఆఫీసువాళ్ళనీ పిలిచాడు. షామియానాకి చెప్పాడు. తీరా చూస్తే బ్యాటరీ నుంచి ఇంజనుకు వెళ్ళే తీగల్ని కలిపే కనెక్టర్లు ఇంకా రాలేదు. బెంగుళూరులో విమాన సామాన్లు అమ్మే కంపెనీకి ఫోన్ చేశాడు.

"సరుకు వచ్చే వారం గాని రాదండీ," అన్నారు వాళ్ళు.

ముహూర్తం ఎల్లుండి. పిలిచినవాళ్ళకు ఏమని చెప్పాలి? అతనికి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే బజారుకు వెళ్ళి, ఎలక్ట్రికల్ కొట్లో చూడ్డానికి అచ్చం అలాంటివే ఏరుకున్నాడు.

"దేనికి సార్ ఇవి?" అడిగాడు కొట్టతను. "బోరు మోటార్లకైతే ఢోకా లేదు. అదురు ఎక్కువగా ఉండేచోట మాత్రం వాడకండి, వదులైపోతాయి."

"మోటారుకే," అన్నాడు పరాంకుశం.

మెట్లు దిగుతుంటే మనసు పీకింది. అయినా షామియానా గుర్తొచ్చి, షెడ్డుకు వెళ్ళి వాటినే బిగించేశాడు.

ముహూర్తం రోజున విమానం ముక్కుకు పసుపు కుంకుమ పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి కొబ్బరికాయ కొట్టారు. సుదర్శనం ఎక్కబోతూ ఆగాడు.

"సామానంతా బెంగుళూరుదే కదా బావా?"

చుట్టూ అందరూ వింటున్నారు.

"అంతా అదే. నువ్వెక్కు, ముహూర్తం దాటిపోతోంది," అన్నాడు పరాంకుశం.

విమానం చక్కగా లేచింది. జనం చప్పట్లు కొట్టారు. గుట్ట దగ్గర మలుపు తిరుగుతుండగా ఇంజను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. అదురుకు కనెక్టరు ఊడిపోయింది. సుదర్శనం ఎలాగో వేరుశనగ చేలో దించాడు గానీ, ముందు భాగం నుజ్జయి అతని కాళ్ళమీద పడింది. ఆస్పత్రిలో కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

పరాంకుశం మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాడు. అతన్ని ఓదార్చింది సుదర్శనమే.

"నువ్వు బాధపడకు బావా. నీ పనిలో లోపం ఉండదు. నేనే ఏదో స్విచ్చి పొరపాటున నొక్కి ఉంటాను."

పరాంకుశం గుండె చెరువైంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ కాలు పోగొట్టుకున్నవాడి నెత్తిన తప్పు కూడా పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. బజారు సంగతీ, తనాడిన అబద్ధమూ పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

సుదర్శనం దుప్పటి కింద కాలు లేని చోటు తడిమి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఆ ముహూర్తం తప్పితే పంతులుగారు ఇంకోటి చూసేవారు బావా. నా కాలు ఎవరు తెచ్చిస్తారు?"



ఆలస్యమైందని నలుగురిలో ఒప్పుకుంటే పరువేమీ పోదు. పరువు కోసం, మనల్ని నమ్మినవాడి ప్రాణంతో చెలగాటమాడకూడదు.