ఉల్లంకిపిట్ట సద్దిమూట

అనగనగా ఒక ఉప్పునీళ్ళ సరస్సు ఒడ్డున జాలర్ల ఊరు. ఆ ఊళ్ళో చెంగమ్మ అని, నీలాగే బొద్దుగా ముద్దుగా ఉండే పిల్ల. సరస్సు మధ్యలో ఒక దీవి ఉంది. అక్కడ వేల పిట్టలు ఒక్కసారే లేస్తాయట. అది చూడాలని చెంగమ్మకి ప్రాణం కొట్టుకునేది.

"నాయనా, నేనూ వస్తా" అంటే, "నువ్వెక్కితే పడవ నీళ్ళు తాగుద్ది మే!" అనేవాడు వాళ్ళ నాయన. నవ్వులాటకే అన్నాడు. కానీ పిల్ల మనసు చివుక్కుమంది.

అప్పుడు ఊళ్ళోకి ఒక పొడులవాడు వచ్చాడు. "ఈ పొడి వేసుకుని కూర్చుంటే చాలు, కొవ్వు వెన్నలా కరిగిపోద్ది!" అని అరిచాడు. చెంగమ్మ కాలి పట్టీలు తీసిచ్చి పొడి పుచ్చుకుంది.

ఆ తర్వాత ఏమైందంటే, పెరట్లో ఒక ఉల్లంకిపిట్ట పడి ఉంది, ఏటా చలికాలానికి సరస్సుకొచ్చి ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోయే పిట్ట. రెక్క బెణికింది పాపం. గుప్పెడంత పిట్ట, సున్నుండలా గుండ్రంగా ఉంది. "అయ్యో, నీకూ నాలాగే కొవ్వా! అందుకే ఎగరలేకపోయావా?" అని, తానొక చిటికెడు వేసుకుని దానికొక చిటికెడు పెట్టింది చెంగమ్మ.

మొదటి రోజు ఇద్దరికీ ఒకటే దాహం. రెండో రోజు ఇద్దరికీ గుండె దడ. మూడో రోజు పిట్ట తల వాల్చేసింది. పొట్ట మాత్రం ఎప్పటిలాగే ఉంది! చెంగమ్మ గొల్లుమంది.

నాయన పరుగెత్తుకొచ్చాడు. పొడి తీసి పెంటలో పారేశాడు. "పిచ్చితల్లీ, పొయ్యి రాజేయకుండా కట్టెలు కాలతాయంటే నమ్మినావా? దాని పొయ్యి దాని రెక్కలే. ఆ కొవ్వు దాని సద్దిమూట. కొండలు దాటి పోవాల. ఆకాశంలో దానికి కూడెవరు పెడతారు?"

అప్పుడు చెంగమ్మ చుక్కచుక్కగా నీళ్ళు పోసింది. పురుగులు ఏరి పెట్టింది. ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది కూడాను. మెల్లగా పిట్ట తేరుకుంది, రెక్క కూడా కుదుటపడింది. చెంగమ్మ దాని కాలికి ఎర్రదారం కట్టింది.

ఈలోగా దీవిలోని పిట్టల గుంపు కొండలు దాటి వెళ్ళిపోయే వేళయింది. ఆలస్యమైతే పిట్ట ఒంటరిదైపోతుంది. నాయన వేటకెళ్ళాడు. చెంగమ్మ పిట్టని బుట్టలో పెట్టుకుని, చిన్న పడవెక్కి గడ పట్టింది. పడవ కాస్త కుంగింది, మునగలేదు! అరచేతులు బొబ్బలెక్కినా పిల్ల ఆగలేదు.

దీవి చేరిందో లేదో, ఓయమ్మ! ఒడ్డుకి ఒడ్డే లేచి పోతోందా అన్నట్టు పిట్టలన్నీ లేచాయి. బుట్టలోది కూడా రివ్వున వాటిలో కలిసిపోయింది. చెంగమ్మ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

వానలు వెలిశాక ఎర్రదారం పిట్ట తిరిగొచ్చింది. అలసిసొలసి చెంగమ్మ చేతిలోనే వాలింది. బరువన్నదే లేదు! మూటంతా దారిలో రెక్కలకి పెట్టేసింది మరి. "ఇంత చిన్న పిట్టవి, అంత ఆకాశం ఎట్టా దాటావే తల్లీ!" అని చెంగమ్మ దండం పెట్టింది.

చెంగమ్మ తగ్గిందా అంటావా? రోజూ దీవికి గడేసేది, కాస్త తగ్గే ఉంటుంది. చూసుకునే తీరిక దానికేదీ? పిట్టకి పురుగులు ఏరుతోంది. మళ్ళీ మూట కట్టాలిగా!

పొడి పోయె పెంటకి, పిట్ట పోయె మింటికి,
కథ పోయె కంచికి, మనం పోదాం మంచానికి.