చారలు పోయిన ముద్దాయి

మద్దిగుట్ట అడవిలో పందులు, కుందేళ్లు, జింకలు, నక్కలు, రకరకాల పిట్టలు ఉండేవి. అన్నీ మంచివే. నిద్రపోతున్నప్పుడు నక్కలు కూడా మంచివే.

ఆ రోజుల్లో ఆ అడవికి న్యాయాధికారి నిమ్మళయ్య అనే తాబేలు. నడక నెమ్మది. తీర్పు మాత్రం పొద్దు గుంకేలోపే. తగవు ఎక్కడ జరిగితే అక్కడికే పోయేవాడు. అడుగుజాడలు చెరిగిపోకముందే నేల చూసేవాడు. ఇద్దరి మాటా వినేవాడు. తీర్పయ్యాక వాది, ముద్దాయి ఒకే వాగులో నీళ్లు తాగి ఇళ్లకు పోయేవారు. ఇప్పపూలు రాలే వేళ ఆ వాగు ఒడ్డున కూర్చుని తీర్పు వినడం ఎంత హాయిగా ఉండేదో ముసలి జింకలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. అప్పట్లో వాటికి చెవులు కూడా బాగా వినబడేవి.

అంత హాయి కుందేళ్లకు పడలేదు. "మన న్యాయాధికారి ఒళ్లంతా బురదే. పక్క అడవివాళ్లు నవ్వుతున్నారు" అన్నాయి. నిజానికి ఇటు ఒక అడవి ఉందని పక్క అడవివాళ్లకు తెలియదు. అయినా అందరూ కలిసి పింఛారావు అనే నెమలిని తెచ్చి గుట్ట మీద కూర్చోబెట్టారు.

పింఛారావు పింఛం విప్పితేనే విచారణ. గాలి వీస్తే వాయిదా. వానల చివర్లో ఈకలన్నీ రాలిపోయేవి. "బోడితోకతో తీర్పు చెబితే న్యాయానికే అవమానం" అని, అవి మళ్లీ పెరిగేదాకా మొత్తం వాయిదా.

ఒకనాటి ఉదయం తీతమ్మ అనే తీతువుపిట్ట గొల్లుమంది. నేల మీద పెట్టిన ఆమె గుడ్లు ఎవరో తినేశారు. పక్కనే దుంపల కోసం మట్టి తవ్వుతూ ఒక అడవిపంది పిల్ల కనబడింది. పేరు దుంపడు. ఒంటి మీద చారలు ఇంకా పోని పసివాడు.

"ఈ చారలవాడే!" అంది తీతమ్మ.

దుంపణ్ణి ముళ్లకంపల బందెలదొడ్డిలో పెట్టారు. తల్లి ముట్టెమ్మ పరుగున వచ్చింది.

"అయ్యా, ఒక్కసారి ఆ చోటు చూడండి. జాడలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి" అని వేడుకుంది.

"నేను బురదలోకి దిగనమ్మా. వాయిదా" అన్నాడు పింఛారావు.

ఆ సాయంత్రం వానకు జాడలు కొట్టుకుపోయాయి. కొన్నాళ్లకు పింఛారావు ఈకలు రాలాయి. ముట్టెమ్మ రోజూ కంపల సందులోంచి కొడుక్కి దుంపలు అందించేది. "అమ్మా, ఎప్పుడొస్తాను?" అని అడిగేవాడు వాడు. "వాయిదాకి, నాన్నా" అనేది. వాయిదా అంటే పండుగ కాబోలు అనుకున్నాడు పాపం.

మరుసటి ఏడు విచారణ వచ్చింది.

"గుడ్లు తిన్నవాణ్ణి చూపించు" అన్నాడు పింఛారావు.

తీతమ్మ పైకీ కిందికీ చూసింది. "నేను చూసింది చారల పిల్లవాణ్ణి. ఈ కోరల పెద్దాయనెవరో నేనెరగను" అంది.

"బాబూ, పంది పిల్లల చారలు పెరిగేకొద్దీ పోతాయి!" అంది ముట్టెమ్మ.

పింఛారావు గంభీరంగా మెడ సాచాడు. "ముద్దాయి హాజరు కాలేదు. అతను దొరికేదాకా ఈయన్ని ఇక్కడే ఉంచండి. వాయిదా."

ఆహా, ఎంత తెలివి అని నక్కలు తోకలు ఊపాయి.

ఆ ఏడాది వానల చివర్లో, ఈకలు రాలిన మర్నాడే, పింఛారావు భార్య పొదిగే గుడ్లు మాయమయ్యాయి. బోడితోకతోనే అడవంతా పరిగెత్తాడు. "దొంగ ఇవాళే దొరకాలి! తీర్పు ఇవాళే కావాలి!"

"ఈకలు రానివ్వండి అయ్యా, తొందరేముంది?" అంది తీతమ్మ.

పింఛారావు వాగు వైపు పరిగెత్తాడు. నేరుగా నిమ్మళయ్య కాళ్ల మీద పడ్డాడు.

"లే. ముందు గూడు చూపించు" అన్నాడు తాబేలు.

తడి నేల మీద గోళ్ల జాడలున్నాయి. వాటి నడుమ తోక ఈడ్చిన గీత ఉంది. ఆ గీత ఒక పుట్ట దాకా పోయింది. అక్కడ పట్టయ్య అనే ఉడుము, పొట్ట ఉబ్బి, సగం లోపల, సగం బయట ఇరుక్కుని ఉన్నాడు.

"తీతమ్మ గుడ్లు తిన్నది కూడా నువ్వేనా?" అడిగాడు నిమ్మళయ్య.

"నేనే. అప్పుడు నన్నెవరూ అడగలేదు" అన్నాడు పట్టయ్య.

పొద్దు గుంకేలోపు పట్టయ్యను ఏరు దాటించారు. అడవి నిమ్మళయ్యను మళ్లీ న్యాయాధికారిని చేసుకుంది. ఆయన బురద ఎంత బాగుంటుందో అని కుందేళ్లే అందరికంటే ముందు మెచ్చుకున్నాయి. పింఛారావు గుడ్లూ పోయాయి, కొలువూ పోయింది.

దుంపడు బందెలదొడ్డి దాటి ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర అతని అక్క పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ బురదలో పొర్లుతున్నారు. దుంపడు కళ్లు మెరిశాయి. వాళ్ల మధ్యకు దిగబోయాడు.

"మామా, కాస్త పక్కకు జరుగు. ఇది చిన్నపిల్లల ఆట" అంది ఒక పిల్ల.

దుంపడు పక్కకు జరిగాడు. ముట్టెమ్మ వచ్చి కొడుకు పక్కన నిలబడింది.

నీతి: ఆలస్యమైన తీర్పు దొంగకు సెలవు, నిర్దోషికి శిక్ష. చివరికి న్యాయం గెలిచినా, గడిచిన కాలాన్ని తిరిగి ఇవ్వలేదు.