పేరడగని ప్లీడరు

రామచంద్రపురంలో చెరుకువాడ గంగాధరం అనే ప్లీడరు ఉండేవాడు. ఎవరేమడిగినా నిలబడ్డ చోటే సలహా చెప్పేసేవాడు గానీ, అడిగిన మనిషి పేరేమిటో మాత్రం అడిగేవాడు కాదు.

ఆయనది ఒంటిచేతి ప్రాక్టీసు. బట్టల కొట్టు మేడ మీద ఒక గది, గోడ నిండా ఫైళ్ళు, వీర్రాజు అనే ఒకే ఒక్క గుమాస్తా. జూనియర్లు లేరు, భాగస్వాములు లేరు. అయినా కోర్టు ఆవరణలో అడుగు పెట్టేసరికి పదిమంది చుట్టుముట్టేవారు. వరండాలో ఇద్దరికి, టీ బడ్డీ దగ్గర ముగ్గురికి, స్కూటరు స్టార్టు చేస్తూ మరొకరికి... ఇలా నడుస్తూ నడుస్తూనే అందరి సందేహాలూ తీర్చేసేవాడు. "గంగాధరం గారు దేవుడండీ! రూపాయి పుచ్చుకోకుండా చెబుతారు" అని జనం అనేవారు. ఆ మాట చెవిన పడిన రోజు ఆయన ఇంకో ముద్ద ఎక్కువ తినేవాడు.

వీర్రాజుకి మాత్రం ఈ వరస బొత్తిగా నచ్చేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు.

"అయ్యగారూ, ఒక పుస్తకం పెడదామండి. వచ్చినాయన పేరు, ఆయన గొడవ ఎవరితోనో వాళ్ళ పేరు. రెండే రెండు మాటలు. దారిలో అడిగినోళ్ళవి కూడా రాద్దాం. కొత్త కేసొస్తే ముందు ఆ పుస్తకం చూసుకుని అప్పుడు ఒప్పుకుందాం. లేకపోతే ఏదో ఒకనాడు ఇటువాళ్ళూ మనవాళ్ళే, అటువాళ్ళూ మనవాళ్ళే అయి కూర్చుంటారండి."

గంగాధరం పకపకా నవ్వాడు. "పుస్తకాలు బుర్ర లేనివాళ్ళకయ్యా వీర్రాజూ! ఇరవై రెండేళ్ళుగా విన్నదంతా ఇక్కడుంది" అని కణత మీద వేలితో కొట్టి చూపించాడు. "ఒక్క మాట జారిపోదు."

అందులో అబద్ధం లేదు. ఆయన విన్న మాట మరిచేవాడు కాదు. కానీ ఆ మాట అన్నదెవరో ఆయన బుర్రకి పట్టేది కాదు. పట్టించుకుంటే కదండీ, పట్టడానికి!

అలా ఉండగా ఒక శ్రావణమాసం మధ్యాహ్నం ఆయన కోర్టు నుంచి బయటికొచ్చి స్కూటరెక్కబోతుంటే, యాభై అయిదేళ్ళావిడ ఒకరు పరుగున వచ్చి హేండిలు పట్టుకుంది. పేరు నూకరత్నం. ఊరి చివర కారం, పిండి ఆడే మిల్లు నడుపుతుంది. మొగుడు పోయాక ఆ మిల్లే ఆవిడకి అన్నం పెడుతోంది. వరండాలో ఎవరో "ఆ ప్లీడరు గారినడుగు, మంచాయన" అని వేలు పెట్టి చూపిస్తే వచ్చింది. ఆయన పేరేమిటో ఆవిడకీ తెలీదు.

"బాబూ, ఒక్క మాటండి" అంది రొప్పుతూ. "మిల్లున్న స్థలం మా ఆయన ఇరవై ఎనిమిదేళ్ళ కిందట కొన్నాడండి. అమ్మినాయన స్టాంపు కాయితం మీద రాసిచ్చి, రిజిస్ట్రీ చేయకుండానే పోయాడు. ఇప్పుడాయన కొడుకొచ్చి స్థలం మాదే, ఖాళీ చెయ్యి అంటన్నాడండి."

"కాగితం ఉంది కదా, భయమేముంది?" అన్నాడు గంగాధరం కిక్కు కొడుతూ.

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అదేనండి నా ఏడుపు. తుపానుకి కప్పెగిరిపోయి, పెట్టె తడిసి, అసలు కాయితం ముద్దయిపోయిందండి. ముందెప్పుడో తీయించిన జిరాక్సు ఒకటుంది. ఈ సంగతి వాళ్ళకి తెలీదు."

ఆవిడ చీరంతా కారమే. ఆ ఘాటుకి గంగాధరం వరసపెట్టి మూడు తుమ్ములు తుమ్మాడు. ముక్కు తుడుచుకుంటూనే తీర్పు చెప్పేశాడు. "అసలు లేదని పొరపాటున కూడా ఎవరితోనూ అనకమ్మా. ఎవరితోనూ! కోర్టు కాగితం వస్తే అప్పుడు చూద్దాం." స్కూటరు బుర్రుమంది. ఆవిడ దండం పెట్టేలోపలే ఆయన మలుపు తిరిగిపోయాడు.

ఏడాది గడిచింది. ఒక ఉదయం ఏడుకొండలు అనే ఆసామి ఆఫీసుకొచ్చాడు. తన తండ్రి స్థలంలో ఎవరో మిల్లు పెట్టుకుని కదలడం లేదనీ, తండ్రి దయతలచి ఉండనిస్తే కొనుక్కున్నామని బుకాయిస్తున్నారనీ చెప్పాడు. ఏడుకొండలు ఏమీ దొంగవాడు కాదు. తండ్రి ఎవరికీ ఏమీ చెప్పకుండా పోయాడు, అంతే.

"అయ్యగారూ, ఈ మిల్లు వాళ్ళెవరైనా ఇదివరకు మన దగ్గరికి..." అని వీర్రాజు నసిగాడు.

"మనకి మిల్లు వాళ్ళెవరూ లేరయ్యా!" అని గంగాధరం వకాలతు మీద సంతకం పెట్టేశాడు. దావా పడింది.

కోర్టు కాగితం అందగానే నూకరత్నం బెంబేలెత్తి స్కూటరు ప్లీడరు గారి కోసం కోర్టుకొచ్చింది. రెండు రోజులు వరండాలో కాపలా కాసింది. ఆయన పైకోర్టు పని మీద పొరుగూరెళ్ళాడు. పేరు తెలీకుండా ఎవరినని అడుగుతుంది? గడువు దాటిపోతుందన్న భయంతో చివరికి హైమవతి అనే ప్లీడరమ్మకి కేసప్పజెప్పింది. జిరాక్సు చేతికిచ్చింది.

"అసలుందా అమ్మా?" అని హైమవతి అడిగింది.

"ఇంట్లో భద్రంగా ఉందండి" అంది నూకరత్నం. స్కూటరు ప్లీడరు గారు ఎవరితోనూ అనొద్దన్నారు మరి! ఆయన మాటని ఆవిడ దేవుడి గదిలో దీపంలా కాపాడుకుంది. హైమవతి నమ్మి, అసలు మా దగ్గరే ఉందని జవాబులో రాసి కోర్టులో వేసేసింది.

ఆ జవాబు చదువుతుండగా గంగాధరం బుర్రలో ఏదో తళుక్కుమంది. "వీర్రాజూ, వీళ్ళ దగ్గర అసలు లేదయ్యా! నా మనసు చెబుతోంది. ఎక్కడో తడిసో, చెదపట్టో పోయుంటుంది. బోనులోకి ఎక్కనీ, మొదటి ప్రశ్న అదే అడుగుతాను."

"మీకెలా తెలిసిందండీ?" అన్నాడు అక్కడే కూర్చున్న ఏడుకొండలు నోరు తెరిచి.

"అనుభవం!" అన్నాడు గంగాధరం మీసం దువ్వుతూ. పాపం, అది తన తెలివేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

సాక్ష్యం రోజు వచ్చింది. హాలు కిటకిటలాడుతోంది. నూకరత్నం తల వంచుకుని బోనెక్కింది. ఉతికిన తెల్ల చీర, చేతిలో మడత పెట్టిన రుమాలు. జనాన్ని చూసి భయపడి ఎవరి వంకా చూడలేదు. ఇన్నాళ్ళూ వాయిదాలకి హైమవతే వెళ్ళేది, ఈవిడ రావలసిన పని పడలేదు. అవతలి ప్లీడరు ఎవరో గంగాధరం గారట అని వింది తప్ప మనిషిని చూడలేదు.

గంగాధరం నల్లకోటు సర్దుకుని లేచాడు. "ఏమ్మా, అసలు కాగితం భద్రంగా ఉందన్నావు. ఇవాళ తెచ్చావా?"

ఆవిడ బిక్కచచ్చిపోయింది. "ఇంట్లో..."

"ఇంట్లో లేదు! తడిసి ముద్దయిపోయింది. నీ దగ్గరున్నది జిరాక్సు ఒక్కటే. అవునా కాదా?"

ఆ మాటకి నూకరత్నం చివాలున తలెత్తింది. ఆయన మొహం చూసింది. ఇక చూపు తిప్పలేదు.

"అయ్యో బాబూ!" అంది చివరికి. "మీరాండీ?"

"అడిగినదానికి జవాబు చెప్పమ్మా" అన్నాడు గంగాధరం విసుగ్గా.

"ఆ సంగతి నేనే కదండీ మీకు చెప్పాను! స్కూటరు పట్టుకుని చెప్పాను కదండీ!"

హాలంతా ఒక్కసారి గుసగుసలతో నిండిపోయింది. జడ్జి గారు కలం కింద పెట్టేశారు. హైమవతి లేచిన మనిషి లేచినట్టే కొయ్యబారిపోయింది; అసలు లేదన్న సంగతే ఆవిడకి ఇప్పుడు తెలిసింది!

"అబద్ధం!" అని గంగాధరం అరిచాడు. "యువరానర్, ఈ మనిషిని నేనెన్నడూ చూడలేదు."

"అసలు లేదని పొరపాటున కూడా ఎవరితోనూ అనకమ్మా అన్నారండీ మీరు" అంది నూకరత్నం, ఇంకా ఆయన్నే చూస్తూ. గొంతులో కోపం లేదు. నమ్మలేకపోతోంది, అంతే. "నేను మా అమ్మాయికి చెప్పలేదండీ. ఈ ప్లీడరమ్మ గారికీ చెప్పలేదు. మీకొక్కరికే చెప్పానండీ. నా చీర మీద కారానికి మీరు మూడు తుమ్ములు తుమ్మారు. నేను అయ్యో అనుకున్నాను కూడానండీ."

తుమ్ములనేసరికి గంగాధరానికి అన్నీ గుర్తొచ్చాయి. స్కూటరు, హేండిలు పట్టుకున్న చెయ్యి, ముక్కులో ఘాటు, రొప్పుతూ చెప్పిన గొంతు... అంతా కళ్ళ ముందు గిర్రున తిరిగింది. ఎవరిదో పోల్చుకోలేని ఆ గొంతుకి ఇప్పుడు మొహం వచ్చి అతుక్కుంది. ఔరా, ఎంత పని జరిగిపోయింది! అనుభవం అని మీసం దువ్వింది ఈవిడ గుట్టు చూసుకునా! మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"ఏమంటారు గంగాధరం గారూ?" అని జడ్జి గారు అడిగారు.

సాక్షులు లేరు. కాగితం ముక్క లేదు. ఆయన లేదంటే ఇక మిగిలేది ఆవిడ మాట, ఆయన మాట. చదువురాని మనిషి మాటకంటే ఇరవై రెండేళ్ళ ప్లీడరు మాటకే విలువెక్కువ. వెనక ఏడుకొండలు "లేదని చెప్పండి సార్, లేదని చెప్పండి" అని గొణుగుతున్నాడు. గంగాధరం బల్ల అంచు పట్టుకున్నాడు.

"నిజమేనండీ" అన్నాడు. "ఆవిడ నాకే చెప్పింది. చెప్పిందెవరో నేనే మరిచిపోయాను. ఈ కేసులో నేను ఎవరి తరఫునా నిలబడటానికి తగను."

ఆ ఒక్క మాట నిజం చెప్పినందుకు ఆయనకి మనం దండం పెట్టాలి. కానీ దండాలతో పోయిన స్థలం తిరిగొస్తుందా! ఆ ప్రశ్నల్ని జడ్జి గారు రికార్డులోంచి కొట్టేయించారు. ఏడుకొండలు చెవుల్లోంచి ఎవరు కొట్టేస్తారు? వాడు మర్నాడే ఫైలు లాక్కుపోయి వేరే ప్లీడరుని పెట్టుకున్నాడు. ఆ ప్లీడరు అసలు చూపించమని నోటీసిచ్చాడు. కాగితం పోయింది, జిరాక్సునే తీసుకోండి అని హైమవతి ఎంత మొత్తుకున్నా, "మొదట ఉందన్నారు, ఇప్పుడు లేదంటున్నారు" అని అవతలివాళ్ళు నిలదీశారు. మొదటే పోయిందని నిజం చెప్పి ఉంటే ఇంత తంటా ఉండేది కాదు. ఆ నిజం చెప్పొద్దన్నది కూడా గంగాధరమే! చివరికి రాజీ కుదిరింది. రోడ్డు వైపు సగం స్థలం, దాని మీదున్న షెడ్డూ ఏడుకొండలుకి పోయాయి. నూకరత్నం మర కాస్తా వెనక సందులోకి మారింది. దారిన పోయేవాళ్ళకి అది కనిపించదు. గిరాకీ సగానికి సగం పడిపోయింది.

గంగాధరం కోర్టుకొస్తే ఇప్పుడెవరూ చుట్టుముట్టడం లేదు. టీ బడ్డీ దగ్గర ఆయన కనిపిస్తే మాట్లాడుకునేవాళ్ళు ఠక్కున నోరు మూసుకుంటున్నారు. తిట్టినా బాగుండేది. నెల రోజులు ఆయనకి అన్నం సయించలేదు. చివరికి ఉండలేక నూకరత్నం మిల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఆవిడ మిరపకాయలు తొట్టిలో పోస్తోంది. ఆయన్ని చూసి చేతులాపింది గానీ రమ్మనలేదు, పొమ్మనలేదు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు గంగాధరం. "ఆ రోజు నేను సరిగ్గా విని ఉంటే..."

"బాగానే విన్నారండీ" అంది నూకరత్నం. "తడిసి ముద్దయిందన్న మాటతో సహా గుర్తుంది మీకు. మరి నా పేరడిగారాండీ ఆ రోజు?"

గంగాధరం తల దించుకున్నాడు. "లేదమ్మా."

"అడిగుంటే సరిపోయేదండీ" అని ఆవిడ మర స్విచ్చి వేసింది. ఆ చప్పుడులో ఆయన ఇంకేమన్నాడో ఆవిడకి వినబడలేదు.

నీతి: ఎంతమందికి సలహా చెప్పావన్నది కాదు గొప్ప, ఒకరి గుట్టు వినేముందు ఆ మనిషి ఎవరో తెలుసుకుని గుర్తుపెట్టుకోలేనివాడు ఆ గుట్టు వినకూడదు.