సివంగికి సంబంధం చూసిన శిష్యుడు

"ఉపదేశం ఇచ్చే అధికారం నాకెప్పుడిస్తావు స్వామీ?" అని ఓబులేసు అడగడం ఇది మొదటిసారి కాదు. అడిగినప్పుడల్లా ఈరప్పస్వామి ఏదో ఒక పని చెప్పి పంపించేవాడు. జవాబుకు బదులు పని చెప్పడం ఆయన అలవాటు. ఆ అలవాటంటే ఓబులేసుకు ఒళ్లుమంట. గురువు చెప్పిన తత్వాలన్నీ కంఠస్థమై ఏళ్లయింది. చుట్టుపక్కల మూడూళ్ల జనం తమకు మంత్రం చెప్పమని వెంటపడుతున్నారు. ఇంకా ఏం కావాలట ఈ ముసలాయనకు?

ఈరప్పస్వామి గొర్రెలు కాచుకునే మనిషి. కొండ కింద ఆయన మఠమూ గొర్రెలదొడ్డీ ఒకటే. ఆ రోజు ఆయన గొంగడి దులుపుకుంటూ, దొడ్డి వాకిట్లో పడుకుని ఉన్న ఆడకుక్కను చూపించాడు. దాని పేరు సివంగి. మంద మీదికి వచ్చిన తోడేలును ఒంటరిగా తరిమిన కుక్క.

"ఇది ఎదకొస్తాందప్పా. దీనికి జత చూడు. పిల్లల సంగతి మొదలుకొని కడదాకా అంతా నీదే. అది సక్కంగా చేసినావంటే, అప్పుడు నీ మాట ఆలోచన చేద్దాం."

ఓబులేసుకు నవ్వొచ్చింది. కుక్కకు సంబంధం చూడటానికి ఇంత వేదాంతం చదవాలా? మర్నాడే పక్క ఊరి రెడ్డిగారింటి నుంచి ఒక మగకుక్కను తోలుకొచ్చాడు. దూడంత ఉంది. దారిలో చూసినవాళ్లంతా నోరెళ్లబెట్టారు.

గురువు దాన్ని ఎగాదిగా చూసి, "దీని తల్లి ఏది?" అన్నాడు.

ఆ సంగతి అడగాలని ఓబులేసుకు తోచనే లేదు. మళ్లీ నాలుగు మైళ్లు ఎండలో నడిచి కనుక్కుంటే, అది సివంగితో పాటు ఒకే ఈతలో పుట్టిన కుక్క. "అన్నకు చెల్లెలినిచ్చి పెండ్లి చేస్తావా ఏంది?" అన్నాడు గురువు. ఓబులేసు పళ్లు కొరుక్కుంటూ మరో కుక్కను తెచ్చాడు. దాన్ని కొండెక్కించి తెమ్మన్నాడాయన. సగం ఎక్కేసరికే అది వెనకకాలు ఈడ్చసాగింది. మూడోదానికి తల్లి వేరు, కాళ్లు గట్టివి, కళ్లు శుభ్రం. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఈలోగా ఊళ్లో ఉన్న మగకుక్కలన్నీ దొడ్డి చుట్టూ చేరి గోల చేస్తుంటే, కర్ర పుచ్చుకుని కాపలా కూర్చున్నదీ ఓబులేసే. శిష్యరికమంటే ఇదా అని లోలోపల తిట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, అతని స్థానంలో ఎవరున్నా తిట్టుకునేవారే.

"కుక్క బాగుంది," అన్నాడు గురువు చివరికి. "పిల్లలు ఎవరికి?"

"దానికేం స్వామీ! సివంగి పిల్లంటే ఎగబడతారు. పద్నాలుగు మంది ఇప్పుడే చెప్పిపెట్టినారు."

"మంచిది. పిల్ల కావాలన్నోళ్లు, తల్లి కడుపుతో ఉన్న రెండు నెలలూ వారానికొకతూరి సంకటి తెచ్చి వాళ్ల చేత్తోనే దానికి పెట్టాల. మా తాత నాటి నుంచి మా దొడ్డిలో ఇదే కట్టుబాటు. పోయి చెప్పిరా."

ఓబులేసు మళ్లీ గడపగడపకూ తిరిగాడు. ఒకాయనకు పొలం పని. ఒకాయనకు మోకాళ్ల నొప్పి. ఒకావిడ, "పుట్టినాక చెప్పండి, మనిషిని పంపి తెప్పించుకుంటాం" అంది. ఇంకొకాయనైతే, "కుక్కకు నేను సంకటి మోసుకొచ్చేదా?" అని ఓబులేసు మీదే ఎగిరాడు. రెండు రోజులు తిరిగితే మాట మీద నిలబడింది ఇద్దరే. కాపరి సుంకన్న, ఊరి చివర ఒంటరిగా ఉండే ఎర్రక్క.

గురువు అంతా విన్నాడు. "సివంగి తల్లి ఎప్పుడూ ఆరుకు తక్కువ ఈనలేదు. తక్కిన నాలుగూ?"

"ఎవురో ఒకరు తీసుకుంటారు స్వామీ."

"ఆ ఎవురో ఒకరి పేరు చెప్పు."

ఓబులేసు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. సుంకన్న, ఎర్రక్క దగ్గరే లెక్క ఆగిపోయింది.

"అయితే ఈసారికి వద్దులే," అని గురువు మగకుక్కను విప్పి దాని యజమానికి అప్పగించాడు. "ఎద దాటేదాకా సివంగిని లోపల కట్టేసి కాపలా ఉండు. మళ్లీ వచ్చే ఎదకు చూద్దాం."

మళ్లీ కాపలా! ఓబులేసుకు కోపం నషాళానికెక్కింది. చేతిలో కర్ర విసిరికొట్టాడు. "తిరిగి తిరిగి కాళ్లరిగిపాయె. ఇంతా చేస్తే వద్దంటావా? నువ్వెప్పుడూ ఇంతే స్వామీ! నేనొచ్చిన కొత్తలో కూడా రెండేండ్లు గడప బయటనే కూచోబెట్టినావు. ఎండకు ఎండితి, వానకు తడిస్తి, ఒక్కనాడన్నా లోపలికి రమ్మంటివా? నన్ను పరీక్ష చేసింది చాలక ఇప్పుడు కుక్కతో మొదలుపెట్టినావు!"

అనేశాక గానీ నోరు జారానని ఓబులేసుకు తెలియలేదు. ఇక అధికారం మాట దేవుడెరుగు, మఠంలో చోటైనా ఉంటుందో లేదో అని భయపడ్డాడు.

"నిన్నెవురు పరీక్ష చేసినారప్పా?" అన్నాడు ఈరప్పస్వామి. "నిన్ను సాకేది నాకు చాతనౌతుందా లేదా అని, ఆ రెండేండ్లూ నన్ను నేనే చూసుకుంటా ఉంటి."