నూరు నీళ్ల నెయ్యి

సరే, అందరూ దగ్గరికి జరగండి, దుప్పటి లాక్కోకండి, వినండి. మన తాతల తాతలు ఇంకా గోచీ కట్టడం నేర్చుకోని రోజుల్లో, ఒక కొండ కింద ఒక ఊరు ఉండేది. అక్కడ చలంటే మామూలు చలి కాదు. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం పొడిగాలి, సాయంత్రం మళ్లీ మంచు. పిల్లల బుగ్గలు పగిలేవి. పెద్దోళ్ల మడమలు పగిలేవి. పెదాలు పగిలి ఎవడూ గట్టిగా నవ్వేవాడు కూడా కాదు.

ఆ ఊరి గానుగలో అసిరి అని ఒక ముసలామె పని చేసేది. ఎద్దు ముందు తిరిగేది, అసిరి వెనకాల తిరిగేది. గానుగ ఆమెది కాదు, ఎద్దు ఆమెది కాదు. కానీ నూనె కోసం ఎవరొచ్చినా సరే, "ముందు సెయ్యి సూపించు" అనేది. చెయ్యి తిరగేసి, బొటనవేలితో మెల్లగా నిమిరి, అప్పుడు చెప్పేది.

గురువులు అనే రైతు వచ్చాడు. నిమిరింది. "నీ తోలు ఎండుకొమ్మరా. తానానికి ముందు నువ్వుల నూనె రాయి. మడమలకి ఆముదంలో తేనెమైనం కరిగించి పెట్టు."

దాలమ్మ అనే పడుచుపిల్ల వచ్చింది. నిమిరింది. "నీ మొహం మీద జిడ్డుతో దీపం ఎలిగించొచ్చే! నీకు నూనొద్దు. పెసరపిండితో కడుక్కో, పో."

"ఇంత దూరం నడిచొస్తే ఒట్టి సేతుల్తో పొమ్మంటావా?"

"మొటిమలు లేకుండా పొమ్మంటున్నానే."

ఊరి పెద్ద ముత్యాల నాయుడి కోడలు పారమ్మ వచ్చింది, చంకలో నెల పిల్లాడు. వాడి చెయ్యి నిమరలేదు, ఊరికే ఆనించింది. "ఇది అరిటాకు మీద పొరే అమ్మీ. రుద్దకు. గోరెచ్చని నీళ్లు పోసి మెత్తని గుడ్డతో అద్దు, అంతే."

ఇది విని నాయుడు పకపకా నవ్వాడు. "ఒకటే ఊరు, ఒకటే సలి! మనిషికో మందేటి? సంత నుంచి కుండెడు ఆవనూనె తెస్తాను. అందరూ అదే రాయండి. ముసల్దాని ముందు సేతులు సాపక్కర్లేదు."

"సలి ఒక్కటే బాబూ, తోళ్లు వేరు" అంది అసిరి.

ఎవరు వింటారు? మొదటి రోజు రాశారు. రెండో రోజు రాశారు. మూడో రోజు ఊరంతా గోల. గురువులు మడమలు మండి గెంతుతున్నాడు. దాలమ్మ మొహం మొటిమలతో సీతాఫలం అయ్యింది. నాయుడి బట్టతల ఎర్రగా కమిలిపోయింది.

ఇవన్నీ నవ్వులాటే. పిల్లాడిది మాత్రం కాదు. నాయుడి మాట మీద వాణ్ణి కూడా ఆవనూనెతో గట్టిగా రుద్దేశారు. ఒళ్లంతా పచ్చి పుండైంది. పాలు ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి నాలుగో రోజుకి గొంతే రాలేదు. పారమ్మ మామని అడగలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని మంచులోంచి గానుగ దగ్గరికి పరిగెత్తింది.

"మామ్మా, నా బిడ్డ..."

"ఆవు నెయ్యుందా?"

"ఉంది."

"రాగి పళ్లెముందా?"

"ఉంది."

"పట్రా. నీళ్లు ఏట్లో ఉన్నాయి."

అసిరి ఏటి గట్టున కూర్చుంది. పళ్లెంలో నెయ్యి వేసింది. మంచులాంటి నీళ్లు పోసింది. అరచేత్తో కలిపింది, నీళ్లు వంచేసింది. మళ్లీ పోసింది, మళ్లీ కలిపింది, మళ్లీ వంచేసింది. ముప్పైసార్లకి వేళ్లు కొయ్యబారాయి. అరవైసార్లకి చేతుల వెనక పగుళ్లు విచ్చుకున్నాయి. "సాల్లే మామ్మా" అంది పారమ్మ. "నూరంటే నూరేనే" అంది అసిరి.

నూరోసారికి నెయ్యి నెయ్యిలా లేదు. తెల్లగా, చల్లగా, నురగలా ఉంది. పిల్లాడి ఒంటికి పలచగా అద్దింది.

మొదటి రోజు ఏడుపు తగ్గింది. రెండో రోజు పాలు తాగాడు. మూడో రోజు తాత మీసం పట్టి లాగాడు.

నాయుడు ఆ మీసంతోనే గానుగ దగ్గరికి వచ్చాడు. "తప్పైపోనాది అసిరీ. నా సెయ్యి కూడా సూడు."

"సెయ్యెందుకు బాబూ, తల వంచండి."

పెదాలు పగిలినా ఊరంతా నవ్వింది.

పారమ్మ దణ్ణం పెడదామని అసిరి చేతులు పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది. ఎండిన చెరువు అడుగులా ఉన్నాయి.

"అందరి సేతులూ సూశావు మామ్మా. నీ సెయ్యి ఎవరు సూశారు?"

అసిరి చేతులు వెనక్కి లాక్కోబోయింది. "ఎవురూ అడగలేదే."

పారమ్మ ఆ చెయ్యి తిరగేసింది. బొటనవేలితో మెల్లగా నిమిరింది. పళ్లెంలో మిగిలిన నెయ్యి రాసింది. అసిరి కళ్లు మూసుకుంది.

"సల్లగున్నాదే అమ్మీ. ఇంత బాగుంటాదని నాకు తెలీదు."

మరుసటి చలికి అసిరి లేదు. పాడె ఎత్తే ముందు ఊళ్లో ప్రతి ఒక్కరూ వచ్చి ఆమె చేతికి నూరు నీళ్ల నెయ్యి ఒక చుక్క రాసి వెళ్లారు. గురువులు రాశాడు. దాలమ్మ రాసింది. నాయుడు రాసి, ఆ చెయ్యి వదలకుండా ఏడ్చాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో మొదటి మంచు పడిన పొద్దున ఎవరూ ముందు తమకి రాసుకోరు. పక్కనోళ్ల చెయ్యి తిరగేసి, బొటనవేలితో నిమిరి, "ఇది అసిరమ్మకి" అని మొదటి చుక్క వాళ్లకి రాస్తారు. ఎవడైనా అందరికీ ఒకటే మందు చాలంటే, మూడేళ్ల పిల్ల కూడా "సలి ఒక్కటే, తోళ్లు వేరు" అని నోరు మూయిస్తుంది.

కథ అయిపోయింది. ఏంటి అలా చూస్తున్నావ్? చెయ్యి ఇటివ్వు.