సున్నా సెకన్లు

ధర్మవరంలో కంప్యూటర్లు బాగుచేసే మహబూబ్ పీరా సార్ దగ్గర సుధీంద్ర రెండేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. చేతిలో పనితనం ఉంది. నోటినిండా నినాదాలున్నాయి.

"స్వేచ్ఛ అడిగితే రాదు సార్, తెచ్చి చేతిలో పెట్టాలి" అన్నాడొకసారి.

"ముందు ఆ స్క్రూడ్రైవర్ తెచ్చి చేతిలో పెట్టు నాయనా" అన్నారు సార్.

ఆ వారమే చౌడమ్మ కంప్యూటరు వచ్చింది. పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసిచ్చే మనిషి ఆమె. కూతురి పాలిటెక్నిక్ చదువుకు, ఏ కంపెనీ సొత్తూ కాని లైనక్స్ కావాలి. తన డిజైన్లు గీసే ప్రోగ్రామేమో విండోస్‌లో తప్ప నడవదు.

"రెండూ పెట్టు" అన్నారు సార్.

సుధీంద్ర రెండూ పెట్టాడు. అలా పెట్టినప్పుడు, కంప్యూటరు ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతూ తెరమీద ఒక పట్టిక వస్తుంది. కొన్ని సెకన్లు ఆగుతుంది. ఎవరూ ఏమీ నొక్కకపోతే మొదటిదాన్ని తెరుస్తుంది. సుధీంద్ర మొదట లైనక్స్ పెట్టాడు. ఆగాల్సిన సెకన్ల దగ్గర సున్నా వేశాడు.

ఇక పట్టికే కనబడదు. విండోస్ లోపల ఉంటుంది, దానికి దారి ఉండదు. కంపెనీల సంకెళ్లకు అలవాటుపడ్డవాళ్లు వాటిని తమంతట తాము తెంచుకోరని అతని నమ్మకం. నాలుగు రోజులు తిట్టుకున్నా, తర్వాత ఆమే వచ్చి దండం పెడుతుందనుకున్నాడు.

ఐదో రోజు పొద్దున చౌడమ్మ కంప్యూటరును ఆటోలో వేసుకుని వచ్చింది. చంకలో ఒక సంచి. సుధీంద్ర వాదనకు సిద్ధమై లేచి నిలబడ్డాడు.

"నువ్వు బాగానే చేసిచ్చినావు నాయనా" అంది చౌడమ్మ. "నేనే ఏదో తప్పు నొక్కినా. అంతా పోయింది."

"పోలేదమ్మా, అది..."

"పన్నెండేండ్ల డిజైన్లవి. నా చేతులారా పోగొట్టుకుని ఎవరికని చెప్పుకునేది? ఆడ పెండ్లిచీరకు మగ్గం ఆపుకుని కూర్చున్నారు."

సంచి విప్పి గళ్ల కాగితాల కట్ట బల్లమీద పెట్టింది. ఒక్కో గడికి ఒక్కో పోగు. ఎర్ర పెన్సిలుతో గడి గడీ నింపి ఉంది. చెరిపి చెరిపి కొన్నిచోట్ల కాగితం చిరిగింది.

"గుర్తున్న కాడికి గీసినా. హంసల అంచు వచ్చింది. కమలం సగంలో నిలిచిపోయింది, ఎంత తలుచుకున్నా రాలేదు. వీటిని మళ్లా దీంట్లోకి ఎక్కించే దారి చూపిస్తే చాలు నాయనా."

పెన్సిలు పట్టి పట్టి కందిన ఆమె చూపుడువేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది. సుధీంద్ర దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

సార్ కంప్యూటరు కలిపి, పట్టిక రాకుండానే లైనక్స్ తెరుచుకోవడం చూసి, ఆ సున్నా ఉన్న చోటు తెరిచి, కీబోర్డు అతని ముందుకు తోశారు.

"ఎంత వేస్తావు?"

"పది సార్."

మళ్లీ ఆన్ చేశారు. పట్టిక వచ్చింది. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, రెండు వరసలు. చౌడమ్మ ముందుకు వంగి, మొదటి వరసలో ఉబుంటు అన్న లైనక్స్ పేరు కింద వేలుపెట్టి కూడబలుక్కుంది. "యు... బి... యు..." రెండో వరసకు వేలు దిగకముందే తెర నల్లబడి, లైనక్స్ తెరుచుకుంది.

చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. "మళ్లా నేనే ఏమన్నా చేసినానా?"

సార్ మళ్లీ ఆ చోటు తెరిచి కీబోర్డు తోశారు. "ఎంత?"

ఈసారి సుధీంద్ర అంకె చెప్పలేదు. పది చెరిపి, మైనస్ ఒకటి వేశాడు. అది వేస్తే, ఎవరో ఒకరు నొక్కేదాకా కంప్యూటరు కదలదు.

పట్టిక వచ్చింది, నిలిచింది. సందులో ఎక్కడో మగ్గం టకటకలాడుతోంది. చౌడమ్మ మొదటి వరస చదివింది. రెండోది, విండోస్ అని చదివింది. మళ్లీ పైనుంచి చదివింది. ఇంకా నిలిచే ఉంది.

ఆమె సుధీంద్ర వైపు తిరిగింది.

"ఏది నొక్కమంటావు నాయనా?"

సుధీంద్ర నోరు తెరిచాడు. అప్పుడు మాత్రం సార్ తలెత్తి అతనివైపు చూశారు.

సుధీంద్ర నోరు మూసుకున్నాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఆ కంప్యూటరు పక్కనే, దానిలాగే, ఆమె నొక్కేదాకా ఆగి నిలబడ్డాడు.